హత్యాగాథలు: పాట ఎవరి పేరు మోసుకొస్తుంది?

1958 నవంబరులో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరిన పాట 'టామ్ డూలీ'. కింగ్‌స్టన్ ట్రియో అనే ముగ్గురు యువకుల బృందం పాడింది. తెల్లారితే ఉరికంబం ఎక్కబోయే ఒక హంతకుడి పాట అది. 1959 ఫిబ్రవరిలో అదే స్థానానికి 'స్టాగర్ లీ' వచ్చింది. లాయిడ్ ప్రైస్ పాడాడు. అందులో ఒక మనిషి ఇంకో మనిషిని తుపాకితో కాల్చి చంపుతాడు. మొదటిది అందరూ గొంతు కలిపి పాడుకునే బాణీ. రెండోది అడుగు కదిపించే బాణీ. రెండింటి వెనకా నిజంగా జరిగిన హత్యలున్నాయి.

ఇలాంటి పాటను అక్కడ మర్డర్ బ్యాలడ్ (హత్యను కథగా చెప్పే పాట) అంటారు. తెలుగులో హత్యాగాథ అనుకుందాం. ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్, అమెరికాల్లో ఈ పాటలు వందల ఏళ్లుగా నడుస్తున్నాయి. ఇప్పుడు వీటి గురించి తెలుసుకోవడానికి ఒక కారణం ఉంది. జరిగిన నేరాలను కథలుగా మలిచే పాడ్‌కాస్టులు, వెబ్ సిరీస్‌లు ఈరోజు మన ఇళ్లలోకీ వచ్చాయి. హత్యను కథగా చెబితే అందులో ఏది నిలుస్తుంది, ఏది రాలిపోతుంది? ఈ ప్రశ్నకు హత్యాగాథలు చక్కగా జవాబు చెబుతాయి. ఎందుకంటే వీటిలో చాలావాటికి ఆధారాలు మిగిలాయి. కోర్టు కాగితాలను, వేర్వేరు కాలాల్లో పాడిన పాఠాలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

అలా చూస్తే ఒక సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. పాట హత్యను మరిచిపోనివ్వదు. చనిపోయిన మనిషిని మాత్రం మెల్లమెల్లగా మరిపిస్తుంది. ఎవరూ పూనుకుని ఇలా చేయలేదు. పాట పుట్టే తీరులోనూ, ప్రయాణించే తీరులోనూ ఇది ఉంది.

ఉరికంబం దగ్గర పుట్టిన పాట

ముందు రూపం చూద్దాం. బ్యాలడ్‌లో సాధారణంగా నాలుగు పాదాల చరణాలుంటాయి. ఒకటి, మూడు పాదాల్లో నాలుగేసి ఊనికలు, రెండు, నాలుగు పాదాల్లో మూడేసి. రెండో పాదానికీ నాలుగో పాదానికీ అంత్యప్రాస. ఒక చరణం పట్టుబడితే తక్కినవి తేలిగ్గా నోటికొస్తాయి. వర్ణన తక్కువ, సంభాషణ ఎక్కువ. మనుషులు ఏం చేశారో పాట చెబుతుంది. ఎందుకు చేశారో చాలాసార్లు చెప్పదు.

హార్వర్డ్ ఆచార్యుడు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ ఇంగ్లండ్, స్కాట్లండ్ గాథలు 305 సేకరించి పాఠాంతరాలతో సహా ప్రచురించాడు. ఆ ప్రచురణ 1882లో మొదలై, ఆయన పోయిన తర్వాత 1898లో ముగిసింది. అందులో హత్యలకు కొదవ లేదు. అక్క చెల్లెలిని చంపుతుంది. అన్న చెల్లెలిని చంపుతాడు. తల్లి బిడ్డను చంపుతుంది. ఇవి ఎక్కువగా నోటి నుంచి నోటికి వచ్చిన పాటలు.

వీటి పక్కనే ఇంకో పాయ ఉంది. అది బ్రాడ్‌సైడ్ (ఒకవైపే అచ్చువేసి వీధుల్లో అమ్మే కాగితం). వార్తాపత్రిక సామాన్యుడి చేతికి రాని రోజుల్లో వార్త ఈ కాగితం మీదే వచ్చేది. పైన ఒక చెక్క అచ్చు బొమ్మ, కింద పాట ఉండేవి. ఏ బాణీలో పాడుకోవాలో కూడా చాలాసార్లు అచ్చువేసేవారు. అమ్మేవాళ్లు కూడళ్లలో పాడుతూ అమ్మేవారు. బహిరంగంగా ఉరి తీసే రోజున అమ్మకం బాగా సాగేది. 1828లో ఇంగ్లండ్‌లో మరియా మార్టెన్ అనే యువతిని చంపిన విలియం కార్డర్‌ను ఉరి తీశారు. అతని 'చివరి మాటల' కాగితాన్ని లండన్ ముద్రాపకుడు జేమ్స్ క్యాట్నక్ పది లక్షలకు పైగా అమ్మాడని చెబుతారు.

ఇలాంటి చివరి మాటలు సాధారణంగా ఖైదీవి కావు. ముద్రాపకుడి దగ్గర కూలికి రాసే కవులు వాటిని రాసేవారు. ఉరి పడేనాటికి కాగితం సిద్ధంగా ఉండాలి కాబట్టి ముందే రాసిపెట్టేవారు. 'నేను ఫలానా ఊరివాణ్ని, ఫలానా పాపం చేశాను, నన్ను చూసి బుద్ధి తెచ్చుకోండి' అనే ధోరణిలో పాట సాగేది.

హత్యాగాథకు మూడు లక్షణాలు ఇక్కడినుంచే వచ్చాయి. కథ హంతకుడి నోటితో నడుస్తుంది. చివర నీతి ఉంటుంది. చనిపోయిన మనిషి, ముఖ్యంగా ఆడమనిషి, అందమైన అమాయకురాలిగా మాత్రమే కనిపిస్తుంది. దీనికి కారణం సులభంగానే అర్థమవుతుంది. జనం గుమిగూడింది ఉరికంబం దగ్గర. వాళ్లు చూడటానికి వచ్చింది హంతకుణ్ని. అమ్ముడుపోయే గొంతు కూడా అతనిదే.

కారణం రాలిపోయిన కథ

1684లో ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీ దగ్గర జరిగిన హత్య మీద 'ది బ్లడీ మిల్లర్' అనే కాగితం వచ్చింది. ఒక పిండిమర దగ్గర పనిచేసే ఫ్రాన్సిస్ కూపర్, ఆన్ నికల్స్ అనే అమ్మాయితో రెండేళ్లు తిరిగాడు. ఆమె గర్భవతి అయింది. పెళ్లి చేసుకోమని ఆమె తండ్రి పట్టుబట్టాడు. అతను ఆమెను చంపేశాడు. ఈ సంగతులన్నీ పేర్లతో సహా ఆ కాగితం మీదే ఉన్నాయి.

18వ శతాబ్దంలో ఇదే కథ 'బెర్క్‌షైర్ ట్రాజెడీ' అనే పాటగా కనిపిస్తుంది. తర్వాత ఆక్స్‌ఫర్డ్ అమ్మాయి పాటగా, వెక్స్‌ఫర్డ్ అమ్మాయి పాటగా మారింది. వలస వెళ్లినవాళ్లతో సముద్రం దాటి, అమెరికాలో టెనెసీ రాష్ట్రానికి చేరి 'నాక్స్‌విల్ గర్ల్' అయింది. ఏ ఊరికి వెళితే ఆ ఊరి పేరు పెట్టుకుంది. ఒక్క ఆనవాలు మాత్రం చెక్కుచెదరలేదు. రాత్రి ఇంటికొచ్చిన హంతకుణ్ని బట్టల మీద ఆ రక్తమేమిటని అడుగుతారు. ముక్కులోంచి కారిందని చెబుతాడు. ఈ చిన్న అబద్ధం వందల ఏళ్లు దాటి వచ్చింది.

దాటి రానిది ఏమిటో గమనించాలి. అమ్మాయి పేరు రాలేదు. గర్భం సంగతి రాలేదు. తండ్రి పెళ్లికి పట్టుబట్టిన సంగతి రాలేదు. 1956లో లూవిన్ బ్రదర్స్ తియ్యటి జంట గొంతులతో పాడిన 'నాక్స్‌విల్ గర్ల్'లో ఇద్దరూ సాయంత్రం షికారుకు వెళతారు. అతను ఉన్నట్టుండి కట్టె తీసుకుని ఆమెను కొడతాడు. ఎందుకో పాట చెప్పదు.

ఈ రాలిపోవడం ఎలా జరిగింది? మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది జ్ఞాపకం. జరిగిన పని బొమ్మలా మనసులో నిలుస్తుంది. కారణం వివరణ కోరుతుంది కాబట్టి త్వరగా జారిపోతుంది. రెండోది మర్యాద. పెళ్లికాని అమ్మాయి గర్భం గురించి నలుగురిలో పాడటానికి నోరు రాదు. చంపడం గురించి పాడటానికి మాత్రం అంత జంకు లేదు. మూడోది యంత్రం. 1920ల నుంచి ఈ పాటలు గ్రామఫోను రికార్డుల మీదికి ఎక్కాయి. రికార్డుకు ఒకవైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. పాతిక ముప్పై చరణాల పాటను కత్తిరించక తప్పదు. హత్యను కత్తిరిస్తే పాటే ఉండదు. కాబట్టి కారణం పోయింది.

దీని పర్యవసానం చిన్నది కాదు. 1684 కాగితంలో ఆ హత్య ఒక పిరికివాడు బాధ్యత తప్పించుకోవడానికి చేసిన నేరం. 1956 పాటలో అదే హత్య విధిరాత లాగా, వాన కురిసినట్టు, దానంతటదే జరిగిపోతుంది.

ఈ పాటలను కాపాడినవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన సెసిల్ షార్ప్, సహాయకురాలు మాడ్ కార్పెలిస్‌తో కలిసి 1916 నుంచి 1918 దాకా అమెరికాలోని అపలాచియన్ కొండల్లో తిరిగి పాటలు రాసుకున్నాడు. నార్త్ కరోలినాలో జేన్ జెంట్రీ అనే గృహిణి ఒక్కతే ఆయనకు 70 పాటలు పాడి వినిపించింది. ఆడవాళ్లను చంపే పాటలను ఆడవాళ్లే పిల్లలకు ఎందుకు నేర్పారు? ఒంటరిగా రమ్మని పిలిచే మగవాడితో వెళ్లొద్దనే హెచ్చరికగా ఇవి పనిచేశాయని కొందరు పరిశోధకులు చెబుతారు. ఈ మాటలో బలం ఉంది. అయితే ఆ హెచ్చరికలో జాగ్రత్త బరువంతా అమ్మాయి మీదే పడింది.

లారా ఫాస్టర్‌కు ఏమైంది?

ఇప్పుడు 'టామ్ డూలీ' దగ్గరికి వద్దాం. అసలు మనిషి పేరు టామ్ డ్యూలా. కొండ యాసలో డూలీ అయింది. నార్త్ కరోలినాలో విల్క్స్ కౌంటీ అతనిది. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యంలో పనిచేసి 1865లో ఇంటికొచ్చాడు. అతనికి ఆన్ మెల్టన్ అనే వివాహితతో సంబంధం ఉండేది. ఆమె బంధువైన లారా ఫాస్టర్‌తోనూ సంబంధం ఉండేది. 1866 మే నెలలో లారా కనిపించకుండా పోయింది. కొన్ని నెలల తర్వాత, లోతు తక్కువ గోతిలో కత్తిపోటుతో ఆమె శవం దొరికింది.

టామ్ తరఫున వాదించినవాడు మాజీ గవర్నరు జెబులాన్ వాన్స్. ఒకసారి శిక్ష పడింది. అప్పీలులో మళ్లీ విచారణ జరిగింది. మళ్లీ శిక్ష పడింది. 1868 మే 1న స్టేట్స్‌విల్ పట్టణంలో ఉరి తీశారు. నేరం తనొక్కడిదేనని టామ్ రాసిచ్చిన చీటీతో ఆన్ మెల్టన్ బయటపడింది. నిజంగా చంపిందెవరన్న వాదన ఆ ప్రాంతంలో చాలాకాలం నడిచింది.

పాట అక్కడే పుట్టింది. 1929లో గ్రేసన్, విట్టర్ అనే ఇద్దరు దాన్ని రికార్డు చేశారు. 1938లో ఫ్రాంక్ ప్రాఫిట్ అనే కొండ ప్రాంతపు గాయకుడు తన పాఠాన్ని పాటలు సేకరించే ఫ్రాంక్ వార్నర్‌కు నేర్పాడు. వార్నర్ నుంచి అది సంగ్రహకర్త ఆలన్ లోమాక్స్ పుస్తకంలోకి వెళ్లింది. అక్కడినుంచి కింగ్‌స్టన్ ట్రియో చేతికి వచ్చింది.

ఒక్కో మజిలీలో పాట కురచ అవుతూ వచ్చింది. ఆ ప్రాంతపు పాత పాఠాల్లో లారా పేరు వినిపిస్తుంది. కింగ్‌స్టన్ ట్రియో పాటలో ఆమెకు పేరు లేదు. ఆన్ మెల్టన్ అసలే లేదు. పాటలో వచ్చే గ్రేసన్ అనే ఇంకో మనిషి మాత్రం ప్రేమలో పోటీదారు అన్నట్టు వినిపిస్తాడు. నిజానికి ఈ జేమ్స్ గ్రేసన్ టెనెసీలో ఒక భూస్వామి. పారిపోయిన టామ్ కొన్నాళ్లు ఆయన దగ్గర పనిచేశాడు. తర్వాత టామ్‌ను పట్టుకోవడానికి ఆయనే సాయపడ్డాడు. పాట వినేవాళ్లు చివరికి తల వంచుకున్న టామ్ మీద జాలిపడతారు. ఒక మనిషి చావు ముందు నిలబడితే జాలి పుట్టడం సహజం. ఆ జాలి ఒకవైపే ప్రవహించేలా పాట కట్టుబడింది.

తన పాట మీద దావా వేసిన మనిషి

నల్లజాతి అమెరికన్ల హత్యాగాథల దారి కొంత వేరు. అక్కడ చివరి నీతి తరచుగా కనబడదు. 1895 క్రిస్మస్ రాత్రి సెయింట్ లూయిస్ నగరంలో ఒక సారా దుకాణంలో లీ షెల్టన్, బిల్లీ లయన్స్ గొడవపడ్డారు. లయన్స్ అతని టోపీ లాక్కున్నాడు. తిరిగి ఇవ్వనన్నాడు. షెల్టన్ కాల్చాడు. జైలుకెళ్లి, మధ్యలో ఒకసారి క్షమాభిక్ష పొంది, మళ్లీ జైలుకెళ్లి 1912లో అక్కడే చనిపోయాడు. పాటలో మాత్రం ఎవరికీ లొంగని స్టాగర్ లీ అయ్యాడు. చట్టం తమను కాపాడని చోట, చట్టానికి బెదరని మనిషిని జనం పాటలో పెంచి పోషించారు. లాయిడ్ ప్రైస్ దాన్ని ఒక టీవీ కార్యక్రమంలో పాడాల్సి వచ్చినప్పుడు, ఎవరూ చావకుండా మాటలు మార్చి పాడించారు.

అదే నగరంలో 1899 అక్టోబరులో ఫ్రాంకీ బేకర్ అనే యువతి, తనతో ఉండే ఆలన్ బ్రిట్‌ను కాల్చింది. కత్తితో తన మీదికి వస్తే ప్రాణరక్షణ కోసం కాల్చానని చెప్పింది. కోర్టు ఆమెను విడిచిపెట్టింది. పాట విడిచిపెట్టలేదు. 'ఫ్రాంకీ అండ్ జానీ' పాటలో ఆమె అసూయతో చంపిన ఆడది. ఆ కథ సినిమాలకెక్కింది. ఊరు విడిచి దూరంగా పోర్ట్‌లాండ్‌లో స్థిరపడినా ఆ పేరు ఆమెను వెంటాడింది. తన పరువు తీశారని సినిమా సంస్థల మీద దావాలు వేసింది, ఓడిపోయింది. 1952లో చనిపోయింది. న్యాయస్థానం ఒకసారి తీర్పిచ్చి ఊరుకుంటుంది. పాట మాత్రం పాడిన ప్రతిసారీ తీర్పు చెబుతుంది.

'నేను చంపాను' అంటే నిజంగా ఎవరు?

బ్రాడ్‌సైడ్ల నాటి 'నేను' ఇప్పటికీ బతికే ఉంది. గాయకుడు జానీ క్యాష్ 1955లో 'ఫోల్సమ్ ప్రిజన్ బ్లూస్' రికార్డు చేశాడు. అందులో చెప్పేవాడు ఒక మనిషిని ఊరికే, చావు చూడటానికి చంపిన ఖైదీ. క్యాష్ జీవితంలో ఎవర్నీ చంపలేదు. 1968లో ఫోల్సమ్ జైల్లోనే ఈ పాట పాడాడు. ఆ రికార్డులో హత్య మాట దగ్గర ఖైదీల కేరింత వినిపిస్తుంది. ఆ కేరింత అక్కడ పుట్టలేదు. తర్వాత స్టూడియోలో అతికించారు. పాడేవాడి 'నేను' కల్పన అని శ్రోతలకు తెలుసు. ఆ పాటను సాక్ష్యంగా చూపి ఎవరూ అతని మీద హత్య కేసు పెట్టలేదు.

ర్యాప్ గాయకుల విషయంలో ఇలా జరగలేదు. అమెరికాలో ర్యాప్ పాటల్లోని హింస మాటలను ప్రాసిక్యూటర్లు ఎన్నో కేసుల్లో సాక్ష్యంగా చూపారు. ఇక్కడ 'నేను' అంటే పాడినవాడే అని వాదించారు. దీని మీద విమర్శ పెరిగింది. సృజనాత్మక రచనను నేర విచారణలో వాడటానికి హద్దులు పెడుతూ 2022లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. ఎవరి పాటను కథగా వింటాం, ఎవరి పాటను ఒప్పుకోలుగా వింటాం అన్నది పాట ఒక్కటే తేల్చదు. పాడినవాడి రంగు, అంతస్తు కూడా అందులోకి వస్తాయి.

చనిపోయినవారి వైపు నుంచి

చనిపోయినవారికి గొంతు ఇచ్చిన పాటలూ ఉన్నాయి. చైల్డ్ సేకరణలో పదో గాథ 'ది ట్వా సిస్టర్స్'. అక్క చెల్లెలిని నీళ్లలోకి తోసి చంపుతుంది. చాలా పాఠాల్లో, చెల్లెలి ఎముకతోనో జుట్టుతోనో ఒక వాద్యం తయారుచేస్తారు. ఆ వాద్యం నలుగురి మధ్య మోగి హంతకురాలి పేరు చెబుతుంది.

1963 ఫిబ్రవరిలో బాల్టిమోర్‌లో హ్యాటీ కారల్ అనే 51 ఏళ్ల నల్లజాతి హోటల్ ఉద్యోగిని చనిపోయింది. విలియం జాంట్జింగర్ అనే సంపన్న యువకుడు తాగిన మైకంలో తిట్టి, చేతికర్రతో కొట్టిన తర్వాత ఆమె కుప్పకూలింది. అతనికి పడిన శిక్ష ఆరు నెలలు. మరుసటి ఏడాది బాబ్ డిలన్ ఈ ఘటన మీద చేసిన పాట విడుదలైంది. పాట పేరులోనే ఆమె పేరుంది. ఆమె ఏ పని చేసేదో, ఎవరి ఎంగిలి పళ్లాలు ఎత్తేదో పాట చెబుతుంది. చివరి ఊనిక తీర్పు మీద పడుతుంది. 1998లో గిలియన్ వెల్చ్ పాడిన 'కేలబ్ మేయర్'లో కథ చెప్పేది దాడికి గురైన స్త్రీయే. ఈసారి ఆమె బతుకుతుంది. పాత చట్రం అదే, బాణీ ధోరణి అదే. మాట్లాడే మనిషి మారితే అర్థం మొత్తం మారిపోయింది.

మన గాథల్లో

తెలుగులోనూ చావు పాటలు తక్కువేం కావు. నాయని కృష్ణకుమారి వంటి పరిశోధకులు మన జానపద గేయగాథలను లోతుగా చదివారు. ఆంగ్లేయుల మీద తిరగబడినందుకు 1847లో కోయిలకుంట్లలో ఉరి తీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాట రాయలసీమలోని రేనాడు ప్రాంతంలో నిలిచింది. లండన్ కాగితం మీద ఉరి పడినవాడు పాపి. రేనాటి పాటలో ఉరి పడినవాడు వీరుడు. తేడా గాయకుడు నిలబడిన చోటులో ఉంది. ముద్రాపకుడు ప్రభుత్వం చెప్పే నీతిని అమ్మాడు. రేనాటి గాయకుడు ఆ ప్రభుత్వానికి ఎదురుగా నిలబడి పాడాడు.

బుక్కరాయసముద్రం ముసలమ్మ కథ ఇంకో రకం. చెరువు కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడటానికి ఒక ఇంటి కోడలు ప్రాణమిచ్చింది. జనం ఆమెను దేవతగా కొలిచారు. కట్టమంచి రామలింగారెడ్డి ఈ కథనే 'ముసలమ్మ మరణం' కావ్యంగా రాశారు. ఇక్కడ హత్యాగాథకు పూర్తిగా తలకిందులైన పని జరిగింది. చనిపోయిన స్త్రీ పేరే నిలిచింది. అయినా ఇక్కడా ఒక సంగతి మరుగున పడింది. దైవం కోరిందని కథ చెబుతుంది. బలి కావాలని అడిగింది, ఒప్పుకున్నది, చూస్తూ నిలబడింది మనుషులే. ఆమె దేవత అయ్యాక ఆ మనుషులను ఎవరూ నిలదీయరు. 'నాక్స్‌విల్ గర్ల్'లో పేరూ కారణమూ రెండూ పోయాయి. ముసలమ్మ కథలో పేరు మిగిలింది, బాధ్యత పోయింది.

కాబట్టి హత్య గురించిన పాట విన్నా, వెబ్ సిరీస్ చూసినా మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. ఎవరి గొంతుతో కథ నడుస్తోంది? చనిపోయిన మనిషికి పేరు, పని, బంధువులు ఉన్నారా? కారణం చెప్పారా, దాటేశారా? ఈ ప్రశ్నలు పాటను ఆస్వాదించడానికి అడ్డురావు. బాణీ బాగుంటే బాగుందనే అనవచ్చు. అయితే ఏం వింటున్నామో తెలిసి వింటాం.

జానపద గాథకు తుదిపాఠం అంటూ ఉండదు. ప్రతి గాయకుడూ ఒక చరణం తీసేశాడు, ఒక ఊరి పేరు మార్చాడు, ఒక మాట కలిపాడు. లారా ఫాస్టర్ పేరు అలాగే పోయింది. ఆన్ నికల్స్ పేరూ అలాగే పోయింది. పోగొట్టిన ఆ స్వేచ్ఛే తిరిగి తేవడానికీ పనికొస్తుంది. డిలన్, వెల్చ్ చేసింది అదే. రేపు ఈ పాటలు పాడబోయేవాళ్లు చేయగలిగిందీ అదే. ఒక పేరు వెనక్కి రావడానికి కొత్త పాటే కట్టనక్కర్లేదు, పాత పాటలో ఒక్క చరణం చేర్చినా చాలు.